ఐదేళ్ల పాపకు ఈత: స్విమ్మింగ్ పూల్‌లోనా, ఊరి బావిలోనా?

కర్నూలు అమ్మ: మా పాపకు ఐదో ఏడు నడుస్తోంది. మేముండేది కేసీ కాలువకు దగ్గర్లో, అందుకే నాకు టెన్షన్. ఎండాకాలం బ్యాచ్‌లో చేర్పిద్దామని ఒక పూల్ చూసొచ్చినాం. ఇరవై మందికి పైగా పిల్లలు, ఒకే కోచ్. నెలలో ఈత వచ్చేస్తుందంటున్నారు. మా మామయ్యేమో ఊర్లో బావి పెట్టుకొని దుడ్లు తగలేయడమెందుకు అంటున్నాడు. ఏం చేయమంటారు?

బావిగట్టు: మీ మామయ్య మాటే రైటు. ఆదోని పక్కన మా ఊర్లో అందరం మోటబావిలోనే నేర్చుకున్నాం. మా చిన్నాయన వీపుకు బెండ్లు కట్టి, నడుముకు చేదతాడు బిగించి దింపేవాడు. భయం తగ్గేకొద్దీ ఒక్కో బెండు తీసేసేవాడు. తాడు కొస మాత్రం ఆయన చేతిలోనే. ఒక పిల్లోనికి ఒక పెద్దమనిషి. ఏ పూల్‌లో ఉందమ్మా ఇది?

ఎండాకాలం: ఇప్పుడు బావుల్లో నీళ్లెక్కడివన్నా, అన్నీ బోర్లే కదా.

ఇద్దరు పిల్లల నాన్న: ఒకరికి ఒకరుండాలన్న మాట ఒప్పుకుంటా. కానీ బావిలో చిన్నపిల్లలకు కాలు ఆనదు, గట్టెక్కాలంటే పట్టు దొరకదు. వయసు సంగతికొస్తే, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏడాది దాటినాక మొదలుపెట్టొచ్చు, నాలుగేళ్లకు చాలామంది సిద్ధంగా ఉంటారు అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరేళ్లు దాటిన బడి పిల్లలకు నేర్పమంటుంది. కాబట్టి మీ పాపకు తొందర లేదు, ఆలస్యమూ కాలేదు. కోచ్‌ను ఒకటే అడగండి: వెల్లకిలా తేలడం, పడితే తిరిగి గోడ పట్టుకోవడం ముందు నేర్పుతారా? మా పెద్దోడికి నెలంతా బోర్డు పట్టుకొని కాళ్లు కొట్టడమే నేర్పినారు. చివరి రోజు బోర్డు తీస్తే నిలువునా మునిగినాడు. నేనే బట్టలతో దూకి తీసినా.

బావిగట్టు: చూసినారా! ఫీజు కట్టి పిల్లోణ్ని ముంచుకున్నారు. మా బావిలో ఒక్కరికీ అట్లా జరగలేదు. మళ్లీ చెప్తున్నా, అందరం నేర్చుకున్నాం.

గట్టు మీద అక్క: అందరం అంటే ఎవరన్నా? ఆడపిల్లలు ఎంతమంది దిగినారు?

బావిగట్టు: ఆ కాలం వేరు. మీరు విషయం పక్కదారి పట్టిస్తున్నారు.

గట్టు మీద అక్క: ఇదేం పక్కదారి? అడిగింది ఆడపిల్ల గురించే కదా. మా ఇంట్లో ఇద్దరన్నలు బావిలో దూకుతుంటే, వాళ్ల చొక్కాలకు కాపలా నేను. దిగుతానంటే మా నాయన కొట్టినాడు. పద్నాలుగేళ్లప్పుడు కాలువలో బట్టలు జాడిస్తూ పాచి మీద జారినా. సిమెంటు గట్టు, గోళ్లు విరిగినాయి గానీ పట్టు దొరకలేదు. పక్కనున్నామె జడ పట్టి లాగింది. నీళ్ల దగ్గరికి పోయే పనులన్నీ మాకు, ఈత మీకు! మీ చిన్నాయన తాడు మీ చెల్లెలి నడుముకు కట్టినాడా? అది చెప్పండి.

ఎండాకాలం: అక్కా, అన్నా, కొంచెం నిదానం.

బావిగట్టు: కట్టలేదు. మా చెల్లెలికి ఇప్పటికీ ఈత రాదు. ఇంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు, అది తప్పే. అయినా ఇరవై మందికి ఒక్క కోచ్ అన్న మాట మాత్రం నేను వదలను. పూల్‌కు పంపినా ఒడ్డున మీలో ఒకరుండాలి, ఫోన్ సంచిలో పెట్టి.

కర్నూలు అమ్మ: ఇప్పుడే మామయ్యను అడిగినా. మా ఆయనకు, మా మరిదికి నేర్పించినాడంట. ఆడబిడ్డకు నేర్పలేదంట. నాకూ రాదు. పాపతో పాటు నేనూ చేరతా. తక్కువ మందిని తీసుకునే కోచ్, ఆడవాళ్ల బ్యాచ్ ఉన్న పూల్ కర్నూల్లో ఎక్కడుందో తెలిస్తే చెప్పండి.