తోలుగుడ్లు పెడుతున్న పెట్టలు: మేతలో లోపం ఎక్కడ?

ప్రశ్న

మా పెరట్లో ఆరు పెట్టలున్నాయి. పది రోజులుగా వాటిలో రెండు తోలుగుడ్లు పెడుతున్నాయి. నిన్న ఉదయం గూట్లో చెయ్యి పెడితే గుడ్డు వేళ్ల మధ్య సొట్టపోయింది. పెంకే లేదు, పైన తడి తోలులాంటి పొర మాత్రం ఉంది. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) తొట్టిలో ఎప్పుడూ ఉంటుంది. అది కాక పొద్దున్నే 300 గ్రాముల మొక్కజొన్న చల్లుతాను. తలుపు తీయగానే ఆరూ కాళ్ల చుట్టూ చేరిపోతాయి, ఊరికే పంపడానికి మనసొప్పదు. వాటికి ఏమి తక్కువైందో చెప్పగలరా?

జవాబు

తక్కువ కాలేదండీ, మొక్కజొన్న ఎక్కువైంది. నేనూ మొదట్లో ఇలాగే ప్రేమకొద్దీ గింజలు చల్లి ఒక మంచి పెట్టను బాగా నీరసపరిచాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గుడ్లు పెట్టే కోడి రోజుకు తినేది దాదాపు 110 గ్రాములు. మీ లెక్కన ఒక్కోదానికి 50 గ్రాములు మొక్కజొన్నే. పొద్దున్నే దానితో కడుపు నిండితే దాణా 60 గ్రాములే తింటుంది. లేయర్ దాణాలో కాల్షియం 4 శాతం అనుకున్నా, అందేది 2.4 గ్రాములు. అందులో సుమారు సగమే ఒంటికి పడుతుంది. ఒక్క పెంకుకే 2 గ్రాములకు పైగా కావాలి! మిగతాది పెట్ట తన ఎముకల్లోంచి తీస్తుంది. అది కొన్నాళ్లే సాగుతుంది. మొక్కజొన్నలో కాల్షియం లేనట్టే లెక్క. మాంసకృత్తులూ 16 శాతం నుంచి 12 శాతం దగ్గరకు పడిపోతాయి.

గింజలు మొత్తం మేతలో పదోవంతు దాటనివ్వకండి. ఆరింటికీ కలిపి 60 గ్రాములు, అంటే రెండు గుప్పిళ్లు చాలు. అదీ సాయంత్రం, అవి దాణా తిన్నాక. ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి, దాణాలో కలపవద్దు. అవసరమైన పెట్ట తానే వచ్చి తింటుంది. పొడి కాకుండా ముక్కలే ఎంచుకోండి. పెంకు ఎక్కువగా రాత్రిపూట కడుతుంది. ముక్కలు కందనకాయలో నెమ్మదిగా కరుగుతూ ఆ సమయానికి అందివస్తాయి.

మరొకరి జవాబు

పై మాటతో ఏకీభవిస్తున్నాను. నీళ్లు కూడా చూడండి. గుడ్డులో మూడొంతులు నీరే. ఎండల్లో తొట్టి వేడెక్కితే కోళ్లు నీళ్లు తాగవు, మేతా ముట్టవు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. రేపటినుంచే గింజలు తగ్గిస్తాను. రెండు నెలల పిల్లలు మూడున్నాయి, అవీ ఆ తొట్టిలోనే తింటున్నాయి. పరవాలేదా?

జవాబు

వద్దండీ, ఈరోజే మార్చండి. గుడ్డు పెట్టని వయసులో అంత కాల్షియం వెళితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. వేరు చేసే చోటు లేకపోతే, అన్నింటికీ గ్రోయర్ దాణా (ఎదిగే పిల్లల మేత, కాల్షియం తక్కువ) పెట్టి, పెట్టలకు ఆల్చిప్పల గిన్నె ఉంచండి. పిల్లలు కాస్త రుచి చూసి వదిలేస్తాయి. అవి మొదటి గుడ్డు పెట్టాక లేయర్ దాణాకు మారవచ్చు.

మూడు వారాల తర్వాత కూడా తోలుగుడ్లు వస్తుంటే అది మేత సంగతి కాకపోవచ్చు, పశువైద్యుడికి చూపించండి. ఈలోగా ఆ రెండు పెట్టలను రోజూ చేతుల్లోకి తీసుకుని రొమ్ము ఎముక తడిమి చూడండి. అది వంకరపోయినట్టు తగిలినా, పెట్ట నిలబడలేకపోతున్నా మూడు వారాలు ఆగవద్దు.