పాత సిమెంటు రేకుల షెడ్డు: ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కప్పు మీద బిగించాలా, గోడకా?

రేకులషెడ్డు:
విజయవాడ ఆటోనగర్‌లో మాది బస్సు బాడీలు కట్టే షెడ్డు. పొడవు 30 మీటర్లు, వెడల్పు 15, సగటున 6 మీటర్ల ఎత్తు. పైన పాత సిమెంటు రేకులు, వెలుతురు కోసం మధ్య మధ్య ఫైబర్ రేకులు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట లోపల నిలబడటమే కష్టం. వెల్డింగ్ పొగ కప్పు కింద పేరుకుని సాయంత్రానికి తలల మీదికి దిగుతోంది. రిడ్జికి, అంటే కప్పు నడినెత్తికి, అటూ ఇటూ ఆరు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగిద్దామని నా ఆలోచన. వెనక గోడకు పెడితే చాలంటాడు మా తమ్ముడు. కొటేషన్ తెచ్చినవాళ్లు ఎవరు అమ్మేది వాళ్లు మంచిదంటున్నారు. ఈ పని చేసినవాళ్లు, చేయించినవాళ్లు చెప్పండి.

నిచ్చెన:
కప్పు మీదే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. రేకుల పని చేయించడమే నా వృత్తి. వేడిగాలి, పొగ చేరేది రిడ్జి కింద. అక్కడే దారి ఇస్తే వాటంతట అవే పోతాయి. గోడ ఫ్యాను తన ముందున్న గాలిని లాగుతుంది తప్ప పైన నిలిచిన పొగను అంత తేలిగ్గా కదిలించదు.

అయితే బిగింపు సరిగా ఉండాలి. ఫ్యాను బరువు రేకు మీద పడకూడదు. రెండు పర్లిన్ల (రేకులను మోసే అడ్డ కమ్ముల) మధ్య యాంగిల్ ఫ్రేము వేసి, దాని మీద అడుగు ఎత్తున పెట్టె లేపి, ఆ పెట్టె మీద ఫ్యాను కూర్చోబెట్టాలి. నీళ్లు దిగకుండా చుట్టూ వేసే రేకు పట్టీ, అదే ఫ్లాషింగ్, ఎగువన పై రేకు కిందికి దూరాలి, దిగువన కింది రేకు మీదికి రావాలి. ఇది తిరగబడితే ఎంత సిలికాన్ పూసినా మొదటి వానకే కారుతుంది. మనుషుల సంగతంటారా, మా కుర్రాళ్లు బోల్టుల వరుస మీదే అడుగు వేస్తారు. బోల్టు ఉన్నచోట కింద పర్లిన్ ఉంటుంది కాబట్టి భయం లేదు.

హెల్మెట్:
నిచ్చెన గారూ, బిగింపు గురించి మీరు రాసిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. ఆ చివరి మాట మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి. ఫ్యాక్టరీల్లో భద్రత చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. బోల్టుల వరుస మీద నడిస్తే చాలన్న నమ్మకం ఎన్ని ప్రాణాలు తీస్తుందో తెలిసినవాణ్ణి.

లెక్క చూడండి. పర్లిన్ వెడల్పు రెండు మూడు అంగుళాలు. మనిషి పాదం పది అంగుళాలు. అంటే బోల్టు మీదే కాలు పెట్టినా పాదంలో ఎక్కువ భాగం ఆధారం లేని రేకు మీదే ఉంటుంది. సిమెంటు రేకు మందం 6 మిల్లీమీటర్లు. పర్లిన్‌కూ పర్లిన్‌కూ మధ్య ఎడం 1.4 మీటర్ల దాకా ఉంటుంది. ఎండకు ఎండి వానకు తడిసి పెళుసెక్కిన రేకు వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. పగులు మొదలయ్యేది కూడా చాలాసార్లు ఆ బోల్టు రంధ్రం దగ్గరే.

నేను పనిచేసిన ఒక మిల్లులో ఎలక్ట్రీషియన్ రేకుల మీద పరిచిన నడక పలక మీద కూర్చుని ఫ్యాను బేరింగ్ విప్పుతున్నాడు. స్పానర్ జారి నాలుగు అడుగుల అవతల గాడిలో ఆగింది. దాని కోసం పలక దిగి ఒక్క అడుగు వేశాడు. అది ఫైబర్ రేకు. దుమ్ము పట్టి పక్కనున్న సిమెంటు రేకు రంగులోకి వచ్చేసింది, తేడా తెలియలేదు. కింద కాంక్రీటు. ప్రాణం దక్కింది గానీ మళ్లీ నడవలేదు.

కాబట్టి రేకులషెడ్డు గారూ, ఫ్యాను ఎక్కడ బిగించాలన్నది రెండో ప్రశ్న. అది ఆగిపోయిన రోజు మెకానిక్ ఎక్కడ నిలబడతాడు? ఇది మొదట తేల్చుకోండి. బిగింపు ఒక్కసారి జరుగుతుంది. రెక్కలు తుడవడం, గ్రీజు పెట్టడం, బోల్టులు బిగించడం, బేరింగ్ మార్చడం ఏళ్ల తరబడి ఉంటాయి. మీ పాత కప్పు మీద అయితే ఆ మనిషి ప్రతిసారీ ప్రాణాన్ని పణంగా పెట్టి ఎక్కాలి. నా ఓటు మీ తమ్ముడికే.

గాలిమర:
ఇద్దరూ కరెంటు ఫ్యాన్ల గురించే మాట్లాడుతున్నారు. టర్బో వెంటిలేటర్లు ఎందుకు పెట్టకూడదు? మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, గాలికి అవే తిరుగుతాయి. మా గోదాముకు పెట్టించాక లోపల ఉక్కపోత బాగా తగ్గింది. కప్పు ఎక్కే పని కూడా తక్కువే.

మూడుఫేజులు:
గోదాముకు సరే, వెల్డింగ్ షెడ్డుకు చాలవు. టర్బో తిరిగేది బయటి గాలికి, లోపలి వేడికి. గాలి స్తంభించిన మే మధ్యాహ్నం, అంటే అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న గంటలో, అది నెమ్మదిస్తుంది. దానికీ బేరింగులు ఉంటాయి, అవీ అరుగుతాయి. కీచుమని మొదలుపెట్టాక ఎవరో ఒకరు ఎక్కక తప్పదు.

నేను ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఫ్యాను గోడకైనా కప్పుకైనా కొన్ని తప్పనిసరి. ఫ్యాను పక్కనే, చేతికి అందేలా, తాళం వేయగల ఐసోలేటర్ (కరెంటును పూర్తిగా తెంచే స్విచ్చి) ఉండాలి. కింద ప్యానెల్‌లో స్విచ్చి ఆపి పైకి వెళితే సరిపోదు. షిఫ్టు మారినవాడు ఉక్కగా ఉందని ఆన్ చేస్తాడు. తాళం వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులో ఉండాలి. మూడు ఫేజుల మోటారు బాడీకి వేర్వేరుగా రెండు ఎర్తులు ఇవ్వాలి. ఒక ఫేజు పోతే మోటారు కాలకుండా సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టాలి.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి. కరెంటు ఆపినా ఫ్యాను ఆగదు. బయటి గాలికో, పక్క ఫ్యాన్లు లాగే గాలికో రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. నెమ్మదిగా తిరుగుతోంది కదా అని చెయ్యి పెడితే వేళ్లు పోతాయి. రెక్కను తాడుతో ఫ్రేముకు కట్టేశాకే పని మొదలుపెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడో కేబుల్ అతికినప్పుడో ఫేజులు తారుమారైతే ఫ్యాన్లన్నీ వెనక్కి తిరిగి, బయటి వేడిని లోపలికి తోస్తాయి. శబ్దం అలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. లోపలివైపు జాలీ దగ్గర కాగితం ముక్క పట్టుకుని చూడండి. అతుక్కుంటే సరిగ్గా తిరుగుతున్నట్లు.

రేకులషెడ్డు:
హెల్మెట్ గారూ, మీరు రాసింది చదివాక మా కుర్రాళ్లు రేకుల మీద తిరిగిన రోజులు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. కానీ నిచ్చెన గారి మాట కూడా కొట్టిపారేయలేను. గోడ ఫ్యాను పైన నిలిచిన పొగను లాగుతుందా? ఎన్ని ఫ్యాన్లు కావాలి?

హెల్మెట్:
మీ షెడ్డు లోపలి గాలి 2,700 ఘనపు మీటర్లు. గంటకు 20 సార్లు గాలి మారాలనుకుంటే 54,000 ఘనపు మీటర్లు బయటికి పోవాలి. 24 అంగుళాల ఫ్యాను దాదాపు 9 నుంచి 10 వేలు లాగుతుందనుకుంటే ఆరు చాలు. కంపెనీవాళ్లు ఇచ్చే పట్టికలో ఏ ఒత్తిడి దగ్గర ఎంత లాగుతుందో ఉంటుంది, దాన్ని చూసి కొనండి. రెక్క సైజు ఒక్కటే చూసి కొనకండి.

పోయినంత గాలి లోపలికి రావాలి. సెకనుకు 15 ఘనపు మీటర్లు, రెండున్నర మీటర్ల వేగంతో రావాలంటే 6 చదరపు మీటర్ల తెరుపు కావాలి. మీకు ముందువైపు పెద్ద షట్టరు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. అందుకే ఫ్యాన్లు దానికి సరిగ్గా ఎదురుగా, వెనక గోడ త్రికోణంలో వీలైనంత ఎత్తున పెట్టాలి. షట్టరు పక్క గోడకు పెడితే ఆ తలుపులోంచి వచ్చిన గాలినే మళ్లీ బయటికి తోస్తాయి, షెడ్డు మధ్యలో ఆకు కూడా కదలదు. వెనక గోడకు బయటివైపు ఇనుప మెట్లు, రెయిలింగ్ ఉన్న నడవా వేయించండి. ఫ్యాన్ల ఖర్చు కంటే దీని ఖర్చే ఎక్కువ అనిపిస్తుంది, అయినా వేయించండి.

2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే గాలి, లోపలి వేడి గురించి 13వ సెక్షన్, ఎత్తు మీద పని చేసేవాడు పడిపోకుండా ఏర్పాటు గురించి 32వ సెక్షన్ ఉండేవి. ఒకదాని కోసం రెండోదాన్ని బలిపెట్టడం ఏ లెక్కన చూసినా సరికాదు.

నిచ్చెన:
బోల్టుల వరుసను నమ్మి, నడక పలకలు లేకుండా ఎవర్నీ ఎక్కించకూడదని ఒప్పుకుంటున్నాను. కానీ గోడే మేలన్నది ఒప్పుకోను. 30 మీటర్ల పొడవున గాలి లాగితే ముందువైపు వెల్డర్ల పొగంతా వెనకవైపు పనిచేసేవాళ్ల మీదుగా పోతుంది. వాళ్లేం పాపం చేశారు? నేను చెప్పేది వేరే దారి. రిడ్జికి రెండు వైపులా సిమెంటు రేకులు తీసేసి ఆ పట్టీ వరకు ఇనుప ప్రొఫైల్ రేకులు వేయండి. రిడ్జి వెంట ట్రస్సులకు (కప్పును మోసే ఇనుప చట్రాలకు) బిగించిన నడవా, రెండు పక్కలా రెయిలింగ్, కింది నుంచి స్థిరమైన నిచ్చెన. అప్పుడు మెకానిక్ సిమెంటు రేకు మీద కాలే పెట్టడు. ఒంటికి కట్టుకునే భద్రతా పట్టీల, అంటే హార్నెస్, తాడును ట్రస్సుకు కట్టిన లైఫ్‌లైన్‌కు తగిలించాలి. ఫ్యాను ఫ్రేముకో పైపుకో కట్టకూడదు.

మూడుఫేజులు:
ఆ దారి బాగుంది, కానీ పాత ట్రస్సులు ఆ బరువు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. విజయవాడలో కట్టడాలను లెక్కకట్టడానికి మన ప్రమాణాల్లో పెట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖలో ఎన్ని కప్పులు లేపేసిందో చూశాం. రిడ్జి మీద ఫ్యాను పెట్టె గాలికి ఎదురు నిలిచే తెరచాప.

సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దయచేసి యాంగిల్ గ్రైండర్‌తో కోయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ల తర్వాత కూడా క్యాన్సర్ తేగలదు. తడిపి, బోల్టులు విప్పి, రేకును పగలకుండా నిండుగా దించండి. చెత్తకుప్పలో పగలగొట్టి పారేయకండి.

గాలిమర:
కప్పుకు తెల్లరంగు వేస్తే ఈ గొడవే ఉండదేమో. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చారు కదా.

హెల్మెట్:
మంచి మాట. ఫ్యాను బయటి గాలి కంటే చల్లగా చేయలేదు. బయట 43 డిగ్రీలుంటే లోపలికి వచ్చేదీ ఆ గాలే. కాలిన రేకు నుంచి తల మీదికి దిగే సెగను తగ్గించేది రంగే. కానీ వేసేవాడూ కప్పు ఎక్కాలి. పలకలు, కింద వల, హార్నెస్ అన్నీ అప్పుడూ కావాలి. ఫైబర్ రేకుల మీద మాత్రం రంగు పడనివ్వకండి. వెలుతురు పోవడం ఒక నష్టం, తర్వాత ఎక్కేవాడికి ఏది ఏ రేకో అసలు తెలియకపోవడం దానికంటే పెద్ద నష్టం.

వెల్డర్‌ని:
నేను వెల్డింగ్ చేస్తాను, అందుకే రాస్తున్నాను. గోడకు పెట్టినా కప్పుకు పెట్టినా పొగ ముందు మా ముక్కు దాటే పైకి పోతుంది. మేం వంగి చేస్తాం, పొగ నేరుగా ముఖానికి కొడుతుంది. మంట పక్కనే పెట్టుకోగల గొట్టంతో పొగను పీల్చే యంత్రాలు ఉన్నాయి. ఆరు ఫ్యాన్ల డబ్బులో కొంత వాటికి పెట్టండి. ఇంకో మాట. ఫ్యాన్లు వచ్చాక ఒంటికి గాలి తగులుతుందని యజమానులు అనుకుంటారు, తగలదు. పెడెస్టల్ ఫ్యాను వేరే కావాలి. అది కూడా షీల్డింగ్ గ్యాస్‌తో (అతుకుకు గాలి తగలకుండా కాపాడే గ్యాస్‌తో) చేసే వెల్డింగ్‌కు దూరంగా ఉండాలి, లేకపోతే గ్యాస్ చెదిరి అతుకులో గుల్లలు పడతాయి.

రేకులషెడ్డు:
ఇది మాకెవరూ చెప్పలేదు. నాలుగు ఫ్యాన్లు వెనక గోడకు, నడవాతో సహా. మిగతా రెండింటి డబ్బు వెల్డింగ్ బల్లల దగ్గర పొగ పీల్చే గొట్టాలకు. రిడ్జి పట్టీ సంగతి ఇంజనీరు ట్రస్సులు చూసి చెప్పాక ఆలోచిస్తాం. ఈలోగా కప్పు ఎక్కే నిచ్చెనకు ఈ రోజే తాళం వేయించాను.

నిచ్చెన:
నాలుగు ఫ్యాన్లతో గంటకు 15 సార్లకు మించి గాలి మారదు, ఆ పొగకు తక్కువేనని ఇప్పటికీ అంటాను. గొట్టాలు పెట్టాక మే నెలలో ఒకసారి సాయంత్రం నాలుగింటికి రిడ్జి కింద పొగ ఎంత దిగిందో చూసి ఇక్కడ రాయండి.