‘దెప్పలుగ’లో అలుగు ఉందా?

(నలుగురి మాటలు; పేర్లకు బదులు ఊళ్లు.)

నల్లగొండ: లినక్స్ నెట్‌వర్క్ సెట్టింగుల మీద పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నాను. బఫర్ (డేటా కాసేపు ఆగే చోటు) గురించి రాస్తుంటే సుమతీ శతకంలోని ‘దెప్పలుగ జెరువు నిండిన’ అన్న పాదం నోట్లో ఆడుతోంది. ఆ ‘లుగ’ మన చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగేనా?

వనపర్తి: కాదన్నా. పై పాదం చివరి ‘యెట్లన్నన్’లో ద్రుతం, అంటే చివరి నకారం, ఉంది, అందుకే తెప్పలుగ దెప్పలుగ అయింది. సమృద్ధిగా అని అర్థం. అలుగైతే పారాలి, దూకాలి. ఇక్కడ ఆ క్రియే లేదు.

దేవరకొండ: సూత్రం సరే సార్. కానీ ‘ప్ప’ ప్రాసకు ఇంకో మాట దొరకదా? చెరువు పక్కనే ఆ శబ్దం ఊరికే పడిందంటే ఒప్పుకోను. పానగల్లు ఉదయసముద్రం అలుగు పారుతుంటే చూసినవాళ్లకు అది వినిపించి తీరుతుంది.

వనపర్తి: వినిపించడం వేరు, వ్యుత్పత్తి వేరు. అయినా నోట్సులో అలుగు ఎందుకు? బఫర్ అలుగు పారిందంటే ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోయినట్టే. టీసీపీ విండోకు, అంటే జవాబు రాకముందే పంపగల డేటా హద్దుకు, తూము అనండి.

నల్లగొండ: తూము బాగుంది. నా లెక్క ఇది: సెకనుకు 100 మెగాబిట్ల లైను, అమెరికా సర్వర్‌కు రానుపోను 250 మిల్లీసెకన్లు. లైను నిండాలంటే సుమారు 3 మెగాబైట్లు దారిలో ఉండాలి. పాత 65,535 బైట్ల విండోతో వేగం సుమారు 2 మెగాబిట్లు దాటదు. 1992లో విండోను పెద్దది చేసే విండో స్కేలింగ్ వచ్చాక ఆ హద్దు పోయింది. ఇప్పుడు లినక్స్ తనే సర్దుకుంటుంది, మనం పెంచాల్సింది బఫర్ గరిష్ఠ పరిమితి. అదీ రెండు వైపులా.

దేవరకొండ: అయితే మీకు కావలసిన పద్యం అది కాదు, పోతన గజేంద్రమోక్షంలోది. చిన్న విండోతో పంపేవాడు కొంత పంపి, జవాబు వచ్చేదాకా ఆగుతాడు కదా? ‘అడిగెదనని కడువడిఁ జను, నడిగినఁ దన మగఁడు నుడువఁడని నడ యుడుగున్’! విష్ణువు వెంట వెళ్లే లక్ష్మీదేవి నడక అంతా అదే. ఒక్క డకారంతో ఆ తడబాటు మొత్తం చూపించాడు మహానుభావుడు.

గద్వాల: పద్యం బంగారం. పాఠం మాత్రం ‘తను మగుడ నుడుగఁడని’. మగుడ అంటే తిరిగి. అడిగితే తిరిగి పలకడేమో అని ఆగింది. మీ నోట్సుకూ ఇదే అతుకుతుంది, అవతలి నుంచి తిరిగి జవాబు రాకపోవడమే కదా ఆపేది.

దేవరకొండ: అక్కా, మా పంతులుగారు ‘మగఁడు’ అనే చెప్పారు. భార్య మనసులో మాట అది.

వనపర్తి: ‘మగుడ’కే నా ఓటు. ‘మగఁడు’ అంటే ఆ సందేహంలోని సున్నితం తగ్గుతుంది.

నల్లగొండ: రెండు పాఠాలూ రాసుకున్నాను. దెప్పలుగ సంగతి?

దేవరకొండ: అలుగే.