హెటాలియా ఫిక్‌లో బెంగాల్ కరువు: తప్పంతా ‘బాస్’ మీద తోసేయొచ్చా?

నిద్రరాని_పాఠకురాలు:
హెటాలియా తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. హిదెకాజ్ హిమారుయా గీసిన జపనీస్ కామిక్ ఇది. ఇందులో దేశాలే మనుషులు. వెబ్‌లో మొదలై 2009లో యానిమే అయింది. ఇటలీ పాస్తా తింటూ యుద్ధం నుంచి పారిపోతుంటాడు, జర్మనీ అరుస్తుంటాడు, ఇంగ్లండ్ వండింది ఎవరి గొంతూ దిగదు. రాజులు, ప్రధానులు ఈ పాత్రలకి ‘బాస్’లు.

నా ఫిక్ (అంటే ఆ పాత్రలతో ఫ్యాన్లు రాసుకునే కథ) 1943లో, బెంగాల్ కరువు రోజుల్లో, లండన్‌లో. బియ్యం పంపమని ఇండియా అడుగుతాడు. ఇంగ్లండ్ తల దించుకుని “మా బాస్ ఒప్పుకోలేదు” అంటాడు. ఇంగ్లండ్‌కి ఏ పాపమూ లేనట్టు తప్పించేశావంది నా బీటా రీడర్ (పోస్ట్ చేసే ముందు చదివిపెట్టే ఫ్రెండ్). నేను కానన్ పద్ధతే, అంటే అసలు కామిక్‌లో ఉన్న పద్ధతే పాటించాను కదా! మీరేమంటారు?

కానన్_కాపలా:
మీదే కరెక్ట్. ‘బాస్’ లేకపోతే ఆ కామిక్కే లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీని చూసి మనం నవ్వగలుగుతున్నామంటే నేరమంతా బాస్ ఖాతాలో ఉండబట్టే. యూదుల ఊచకోత జోలికి హిమారుయా పోనేలేదు. అది జోకుల కామిక్. కరువు గురించి రాయాలనుంటే సొంతంగా నవల రాసుకోండి, ఈ పాత్రల్ని ఎందుకు లాగడం?

చరిత్ర_పిచ్చోడు:
అన్నా, జోలికి పోని విషయం కానన్ ఎలా అవుతుంది? అది ఖాళీ. ఫ్యాన్లు బతికేదే ఆ ఖాళీల్లో. 1947 ఫిబ్రవరి 25న మిత్రరాజ్యాలు చట్టం చేసి మరీ జర్మనీలోని పాత రాజ్యం ప్రష్యాని రద్దు చేశాయి. కామిక్‌లో మాత్రం ప్రష్యా తమ్ముడు జర్మనీ దగ్గర హాయిగా కాలక్షేపం చేస్తుంటాడు. ఎలా బతికాడంటే కొందరు ఫ్యాన్లు తూర్పు జర్మనీ అయ్యాడన్నారు, కొందరు ఒకప్పటి ప్రష్యా నేల, ఇప్పుడు రష్యాలో ఉన్న కలినిన్‌గ్రాడ్ అన్నారు. 1806లో అంతమైన పవిత్ర రోమన్ సామ్రాజ్యమే అన్నీ మరిచిపోయి జర్మనీగా పెరిగిందని రాసిన ఫిక్‌లు ఎన్ని లేవు! వాళ్లెవరికీ నవల రాసుకోమని చెప్పలేదే.

ఇక జోకు సంగతి. కొరియా పాత్ర మీద దక్షిణ కొరియాలో గొడవ లేచి, 2009లో జపాన్ టీవీ ఛానెల్ ఆ యానిమే ప్రసారాన్నే మానుకుంది. జోకే కదా అని వాళ్లకి చెప్పి చూడండి.

అసలు విషయం ఇది. 1942లో జపాన్ సైన్యం దిగుతుందన్న భయంతో బెంగాల్ తీరంలో పదిమందికి మించి పట్టే పడవల్ని లాక్కున్నారు. జాలరి వేటకి పోలేడు, రైతు ధాన్యం సంతకి చేర్చలేడు. మరుసటి ఏడు వచ్చిన కరువులో చచ్చిపోయినవాళ్లు 30 లక్షల దాకా ఉంటారని అంచనా. ఇదంతా అప్పటి బ్రిటన్ ప్రధాని, అంటే ఇంగ్లండ్ ‘బాస్’ చర్చిల్ ఒక్కడే చేశాడా? ఓడలు లేవని ఫైలు తిప్పి పంపిన ఆఫీసులు, ఊరూరా పడవలు లెక్కరాసిన గుమస్తాలు, పేపర్లో చదివి పేజీ తిప్పేసినవాళ్లు, అందరూ కలిస్తేనే ఇంగ్లండ్ అనే పాత్ర. ‘బాస్’ అనగానే వాళ్లంతా జారుకుంటారు.

హనుమకొండ_అక్క:
తమ్ముడూ, ఆ లెక్కరాసిన గుమస్తాల్లో బెంగాలీలు లేరా? బియ్యం దాచి ధర పెంచిన వ్యాపారులు ఎక్కడివాళ్లు? ఇంగ్లండ్‌లో అందరినీ కలిపినప్పుడు ఇండియాలోనూ కలపాలి మరి. చేతులు కట్టుకుని బియ్యం అడిగే ఇండియా నాకు నచ్చలేదు. ఆ మనిషి కడుపు మాడేదీ, గోదాములో బియ్యం దాచేదీ ఒకేసారి. రాస్తే అది రాయాలి.

అయినా ఒక నేలకి మనిషి రూపం ఇచ్చాక కానన్ ఎవరిదన్న గొడవ మనకి కొత్తేం కాదు. కిరీటం, చేతిలో బతుకమ్మ ఉన్న తెలంగాణ తల్లిని ఏళ్లతరబడి చూశాం. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో పెట్టిన విగ్రహానికి అవి రెండూ లేవు. ఆకుపచ్చ చీర, చేతిలో వరి, జొన్న, మొక్కజొన్న. ఇదే అధికార రూపమని సర్కారు చెప్పింది. బతుకమ్మ ఉన్న బొమ్మనే గీసుకునేవాళ్లు గీసుకుంటూనే ఉన్నారు.

కానన్_కాపలా:
అక్కా, అది రాజకీయం, ఇది ఫ్యాండమ్, ఫ్యాన్ల లోకం. టాపిక్‌కి రండి.

హనుమకొండ_అక్క:
కరువు రాజకీయం కాదా?

నిద్రరాని_పాఠకురాలు:
సీన్ మార్చాను. ఇప్పుడు ఇండియా ఏమీ అడగడు. పాత చిట్టా ఒకటి తెచ్చి బల్ల మీద పెడతాడు. అందులో ఊళ్ల పేర్లు, పక్కనే పడవల సంఖ్య. “ఈ చేతిరాత మీ బాస్‌దా?” అంటాడు. ఇంగ్లండ్ పేజీలు తిప్పుతాడు. సగం దాకా తనదే. తర్వాతి సగం ఇండియాది.

చరిత్ర_పిచ్చోడు:
ఇది బాగుంది. ఇంగ్లండ్ ఏడవకుండా చూసుకోండి. అతను ఏడిస్తే పాఠకులంతా అటే వెళ్లిపోతారు.

కానన్_కాపలా:
బాగానే ఉంది గానీ ఇది హెటాలియా కాదు. ‘కానన్‌కి దూరం’ అని ట్యాగ్ పెట్టండి, నేను దాటేసి పోతాను.

నిద్రరాని_పాఠకురాలు:
పెడతాను. ఇంకో చిక్కు. తర్వాతి ఛాప్టర్ 1947. బెంగాల్‌ని వేరే పాత్రగా పెట్టాలా? పెడితే ఆగస్టులో దేశ విభజనతో బెంగాల్ రెండయ్యాక ఒక్క మనిషా, ఇద్దరా? ప్రష్యా ఫిక్‌లు రాసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.