ఎంబీబీఎస్ విద్యార్థులకు విపత్తు శిక్షణ: మీ కళాశాలల్లో నిజంగా చేయించిందేమిటి?

మూడో_ఏడు: కమ్యూనిటీ మెడిసిన్‌లో విపత్తు నిర్వహణ పాఠం అయిపోయింది. పరీక్షలో అడిగితే రాయగలం. రేపు బస్సు బోల్తాపడి నలభై మంది ఒకేసారి క్యాజువాలిటీకి వస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో మాలో ఒక్కరికీ తెలియదు. మా బ్యాచ్ వాళ్లమే మాక్ డ్రిల్ చేద్దామనుకుంటున్నాం. చేసినవాళ్లు చెప్పండి.

హౌస్‌సర్జన్_విశాఖ: మేము చేశాం. జూనియర్లే క్షతగాత్రులు. ఒక్కొక్కరి మెడలో చీటీ: శ్వాస ఎంత, చెప్పింది వింటున్నారా లేదా. ట్రయాజ్ అంటే ఎవరికి ముందు చికిత్స చేయాలో తేల్చి రంగు చీటీ కట్టడం: ఎరుపు వెంటనే చూడాల్సినవారికి, పసుపు కాస్త ఆగగలిగినవారికి, ఆకుపచ్చ చిన్న దెబ్బలవారికి, నలుపు చనిపోయిన లేదా బతికే ఆశ లేనివారికి. అందులో స్టార్ట్ అనే పద్ధతి తీసుకున్నాం. మొదట గట్టిగా పిలవాలి: "నడవగలిగినవాళ్లు ఈ చెట్టు కిందికి రండి!" వచ్చినవాళ్లంతా ఆకుపచ్చ. మిగిలినవారిలో ఊపిరి ఆడకపోతే తల సరిచేసి శ్వాసమార్గం తెరవాలి. అప్పుడు ఊపిరి అందుకుంటే ఎరుపు, లేకపోతే నలుపు. శ్వాస నిమిషానికి 30 దాటినా, గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు మించినా, చెప్పిన చిన్న పని చేయలేకపోయినా ఎరుపు. వీటిలో ఏదీ లేనివారు పసుపు.

కాగితం మీద ఇంతే. మైదానంలో మాత్రం కాలు విరిగిందని కేకలు పెడుతున్న అబ్బాయి చుట్టూ ఐదుగురు చేరారు. ఆ పక్కనే, శ్వాస 36 అని చీటీ ఉన్న అమ్మాయిని ఎవరూ చూడలేదు. ఆమె అరవలేదు మరి. ఈ ఒక్క సంగతి ఒంటబట్టడానికైనా డ్రిల్ చేసి తీరాలి. నల్ల చీటీ కట్టి ముందుకు కదలడం ఇంకా కష్టం. సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెను ఆడించే ప్రయత్నం) మొదలుపెట్టబోయినవాళ్లను చేయి పట్టుకుని లేపాల్సి వచ్చింది.

పిల్లల_వార్డు: చిన్నపిల్లలకు ఈ కొలతలు పనికిరావు. వాళ్లకు జంప్‌స్టార్ట్ అనే వేరే ట్రయాజ్ పద్ధతి ఉంది. శ్వాస 15 కంటే తగ్గినా, 45 దాటినా ఎరుపు. శ్వాసమార్గం తెరిచాక కూడా ఊపిరి లేకుండా నాడి మాత్రం అందుతుంటే, నలుపు కట్టేముందు ఐదు శ్వాసలు ఇచ్చి చూడాలి.

క్యాజువాలిటీ_సిస్టర్: ఎర్రరంగు పూసుకుని బస్సు ప్రమాదం ఒక్కటే చేస్తే చాలదు బాబూ. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడ్డప్పుడు జనం నిద్రలో ఉన్నారు. చనిపోయినవారిలో ఆంధ్ర వైద్య కళాశాల మొదటి సంవత్సరం విద్యార్థి కూడా ఉన్నాడు. రసాయన ప్రమాదమైతే బట్టలు తీయించి, ఒళ్లు కడిగించి ఆ తర్వాతే లోపలికి తీసుకోవాలి. లేకపోతే ఆ బట్టలతో వచ్చే ఆవిరి సిబ్బందికీ ముప్పే. మీ క్యాజువాలిటీ బయట కొళాయి ఎక్కడుంది? ఆడవాళ్లకు తెర ఎవరు పడతారు? డ్రిల్‌లో ముందు ఇవి తేల్చండి. ఇంకొకటి: తక్కువ దెబ్బలు తగిలినవాళ్లే ఆటోల్లో ముందు వచ్చేస్తారు. మంచాలన్నీ వాళ్లకిచ్చేస్తే అంబులెన్సులో వచ్చే ఎర్ర చీటీవాళ్లను ఎక్కడ పడుకోబెడతారు?

బెజవాడ_పీజీ: సిస్టర్ గారి మాటే నాదీ. 2024 సెప్టెంబరు బుడమేరు వరదల్లో మా దగ్గరికి గాయాలతో వచ్చినవాళ్లు తక్కువ. ఇన్సులిన్ అయిపోయినవాళ్లు, డయాలసిస్ తప్పినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఎక్కువ. మందుల చీటీలు నీళ్లలో పోయాయి, "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి" అంటారు. అలాంటి రోగిని అడిగి మందు కనుక్కోవడం కూడా సాధన చేయించండి. విజయవాడ దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పదో బెటాలియన్ ఉంది. ప్రిన్సిపాల్ సంతకంతో లేఖ పెట్టి, శిక్షకులను పంపగలరేమో అడగండి.

మూడో_ఏడు: అందరికీ కృతజ్ఞతలు. రెండు డ్రిల్స్ చేస్తాం, ఒకటి బస్సు ప్రమాదం, ఒకటి గ్యాస్. సిస్టర్ గారూ, క్యాజువాలిటీ బయట చూసి వచ్చాను, కొళాయి ఉంది కానీ గొట్టం లేదు. సూపరింటెండెంట్ గారికి రేపే అర్జీ ఇస్తున్నాం. తెలుగులో ట్రయాజ్ చీటీ నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరా?