రెండేళ్లుగా జుట్టు రాలుతూనే ఉంది, మీకు ఏది పనిచేసింది?

మణికొండ29:
అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు. తలస్నానం చేసిన రోజు బాత్రూం జాలీ మీద వెంట్రుకల ఉండ చేరుతుంది. దాన్ని చేత్తో తీసేటప్పుడు గుండె జారిపోతుంది. బోరు నీళ్లవల్లేమోనని షవర్‌కి ఫిల్టర్ పెట్టించాను. ఉల్లిపాయ రసం, గుంటగలగరాకు నూనె, బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు అన్నీ అయ్యాయి. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని అమ్మ అంటే తిరుమలలో తలనీలాలు ఇచ్చాను. ఆ తర్వాతా కణతల దగ్గర రెండు పక్కలా వెనక్కి పోతూనే ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఫొటో పంపమంటే చాలు టెన్షన్. దయచేసి మీ అనుభవం చెప్పండి.

తెనాలి అక్క:
తమ్ముడూ, ముందు అది ఏ రకం రాలడమో తేల్చుకో. నాకు డెంగ్యూ తగ్గిన మూడో నెలలో దువ్వెన నిండా రావడం మొదలైంది. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్ లాంటివాటి తర్వాత చాలా వెంట్రుకలు ఒకేసారి ఎదగడం మానేసి, రెండు మూడు నెలలకు ఊడతాయట. అప్పటికి జ్వరం సంగతి మనమే మర్చిపోతాం. హిమోగ్లోబిన్ బాగానే ఉంది కానీ ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 9 వచ్చింది, బాగా తక్కువ. డాక్టర్ రాసిన ఐరన్ బిళ్లలు వాడాను. ఆరో నెలలో పాపిట పక్కన వేలెడు పొడుగు కొత్త వెంట్రుకలు, నూనె రాసినా అణగకుండా నిలబడ్డాయి. అద్దం ముందు ఏడ్చేశాను.
రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. ఇంకో మాట, రక్తపరీక్షకు వెళ్లేముందు బయోటిన్ వాడుతున్నానని డాక్టర్‌కి చెప్పు. ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

హన్మకొండ నుంచి:
కణతల దగ్గర వెనక్కి పోతోందంటే మగవాళ్ల బట్టతల తీరులాగే ఉంది తమ్ముడూ. గుండుతో ఇది మారదు, వేరు చర్మం లోపల ఉంటుంది కదా.
నేను 5 శాతం మినాక్సిడిల్ నాలుగేళ్లుగా రాస్తున్నా. అసలు అది బీపీ మందు. వేసుకున్నవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు తయారుచేశారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. పొడి తల మీద పూటకు 1 మి.లీ., రోజూ రెండు పూటలు. మొదటి నెలన్నరలో ఇంకా ఎక్కువ రాలింది. భయపడి ఆపేశా, అక్కడే నష్టపోయా. పాతవి ఊడి కొత్తవాటికి చోటిస్తాయని తర్వాత తెలిసింది. మళ్లీ మొదలుపెడితే ఐదో నెలకు తేడా కనిపించింది. ఆపితే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే మందు దానికి తగలనివ్వకండి, ప్రాణం మీదికొస్తుంది.
బట్టతలకే ఇచ్చే ఫినాస్టెరైడ్ బిళ్ల 1 మి.గ్రా. కూడా వేసుకున్నా. నాకు కోరిక తగ్గింది, డాక్టర్‌కి చెప్పి మానేస్తే సర్దుకుంది. నా స్నేహితుడికి ఏ ఇబ్బందీ లేదు. పెళ్లి చేసుకోబోతున్నావు కాబట్టి సిగ్గుపడకుండా ముందే అడుగు. గర్భిణులు విరిగిన ఆ బిళ్లను ముట్టుకోకూడదు.

కాకినాడ అమ్మ:
మా అబ్బాయి ఇంటర్‌లో ఉండగా తల వెనక రూపాయి బిళ్లంత నున్నగా అయింది. పేనుకొరుకుడని గురివింద గింజ అరగదీసి రాయమన్నారు. రాశాం, పొక్కులు లేచాయి. ఆ గింజ విషమని అప్పుడు తెలియదు, ఇప్పటికీ బాధపడతాను. దానికీ పేలకూ సంబంధమే లేదు. మన ఒంటి రక్షణ శక్తే వెంట్రుక కుదుళ్ల మీద పడుతుంది. మచ్చలోనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నెలకోసారి చొప్పున నాలుగు ఇచ్చారు, మొలిచింది. ముందు తెల్లగా వచ్చి తర్వాత నల్లబడింది.

బెంగళూరులో ఉంటాను:
జుట్టు నాటించుకునే ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. తొందరపడకండి. నేను వెళ్లిన క్లినిక్‌లో డాక్టర్ నుదుటి మీద గీత గీసి వెళ్లిపోయారు, మిగతాదంతా టెక్నీషియన్లే చేశారు. ఎవరు చేస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి. నాటినవి మూడు వారాల్లో రాలిపోయి నాలుగో నెల నుంచి వచ్చాయి. ఆ తర్వాత జుట్టు రాలకుండా వాడే మందు మానేయడం నా తప్పు. నాటిన వరుస ముందు నిలిచింది, దాని వెనకున్న సొంత జుట్టు పలచబడింది. ఇప్పుడు మధ్యలో ఖాళీ.

మణికొండ29:
అక్కా, అన్నా, అందరికీ థాంక్స్. నిన్న చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. లెన్స్ పెట్టి స్క్రీన్ మీద చూపించారు, లావు వెంట్రుకల పక్కనే నూలుపోగుల్లాంటివి. అన్న చెప్పిన రకమేనట. ఫెరిటిన్, థైరాయిడ్‌కి రాశారు, బయోటిన్ ఆపి వారం తర్వాత రక్తం ఇవ్వమన్నారు. మినాక్సిడిల్ ఈ రాత్రి నుంచి. ఫినాస్టెరైడ్ గురించి ఇంకా ఆలోచిస్తున్నా. కిటికీ దగ్గర, పొద్దుటి వెలుతురులో ఒక ఫొటో తీసి పెట్టుకున్నా. ఆరు నెలలకు అదే చోట ఇంకోటి తీసి ఇక్కడే పెడతాను.