మూన్ నైట్ కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

చిత్తుప్రతి:
2022లో వచ్చిన సీరియల్ చూశాక మార్వెల్ సూపర్‌హీరో మూన్ నైట్ కామిక్స్ చదవాలనిపించింది. తీరా వెతికితే 1975 నుంచి పోగుపడ్డ సంచికలు, మధ్యలో ఎన్నోసార్లు మళ్ళీ ఒకటో నంబరుతో మొదలైన కథలు! టాక్సీలు, సందులు, పోలీసులున్న న్యూయార్క్ ఒకవైపు, అతన్ని తన ప్రతినిధిగా చేసుకున్న ఈజిప్టు చంద్రదేవుడు ఖోన్షు మరోవైపు. ఈ రెండూ నిజంగా అతికిన సంపుటం ఏది? చదివినవారు చెప్పండి.

నీలిసిరా:
2014 నాటి మొదటి ఆరు సంచికలు, సందేహం అక్కర్లేదు. రచన వారెన్ ఎల్లిస్, బొమ్మలు డెక్లన్ షాల్వీ, రంగులు జోర్డీ బెల్లేర్. ఏ సంచిక కథ ఆ సంచికలోనే ముగుస్తుంది కాబట్టి పాత చరిత్ర తెలియకపోయినా ఇబ్బంది లేదు. గోడలకు, వీధిదీపాలకు, నెత్తుటికి రంగులున్నాయి. మూన్ నైట్ దుస్తులకు మాత్రం లేవు. కాగితం తెలుపే అతని తెలుపు. మురికి సందులో అతను నిలబడితే అక్కడికి బొమ్మను కత్తిరించి తీసేసినట్టుంటుంది. దయ్యాలు రాకముందే వింత అక్కడ మొదలైపోతుంది. నాలుగో సంచికలో నిద్ర మీద ప్రయోగం, అందులో చేరినవారందరికీ ఒకటే కల. ఐదోదాంట్లో కథ అంటూ పెద్దగా లేదు: అపహరణకు గురైన అమ్మాయి కోసం ఒక భవనంలో అంతస్తు తరువాత అంతస్తు తన్నుకుంటూ పైకి వెళ్ళడమే. అయినా నేను మళ్ళీ మళ్ళీ తెరిచేది దాన్నే.

మూడోకన్ను:
ఆ ఆరింటిలో రెండోదాన్ని దయచేసి ఫోనులో చదవకండి. ఎనిమిది మంది మనుషులు, ఎనిమిది గడులు. తుపాకీ పేలినప్పుడల్లా ఒకరు పోతారు, తరువాతి పేజీలో వారి గడి ఖాళీ. ఒక్కో గడినే పెద్దది చేసి చూపే పద్ధతిలో ఆ ఖాళీకి అర్థమే ఉండదు. పేజీ మొత్తం ఒకేసారి కంటపడాలి. మా తమ్ముడు ఫోనులో చదివి, బొమ్మలు సరిగా రాలేదని యాప్‌ను తిట్టుకున్నాడు.

పాతసంచిక:
అందరూ 2014 అంటారు, 1980ని దాటేస్తారు. 1975లో డగ్ మోయెంచ్, డాన్ పెర్లిన్ ఇతన్ని పరిచయం చేసినప్పుడు తోడేలు మనిషిని పట్టి తెచ్చే కిరాయి మనిషి, అంతే. 1980లో సొంత సిరీస్ వచ్చాక నగరం గట్టిపడింది. అసలు పేరు మార్క్ స్పెక్టర్, కోటీశ్వరుల మధ్య స్టీవెన్ గ్రాంట్‌గా, వీధిలో టాక్సీ డ్రైవర్ జేక్ లాక్లీగా తిరుగుతాడు. గీనా నడిపే హోటల్లో కూర్చుని, దిమ్మరి క్రాలీ చెప్పే కబుర్ల నుంచి ఆచూకీలు ఏరుకుంటాడు. సీరియల్ వాళ్ళు కథను లండన్‌కు తీసుకుపోయి ఈ టాక్సీ జీవితాన్నే వదిలేశారు, నాకు ఇప్పటికీ కోపమే. ఇక బిల్ సింకేవిచ్ బొమ్మలు: మొదట్లో పాతతరం కామిక్స్ చిత్రకారుడు నీల్ ఆడమ్స్ ధోరణి, పోనుపోను గీత తెగి, నీడలు ముదిరి పూర్తిగా తన సొంతం.

చిత్తుప్రతి:
2016 సిరీస్ మాటేమిటండీ? అది అర్థం కాదని చాలామంది భయపెడుతున్నారు.

చిరుజల్లు:
అర్థం కాకపోవడమే దాని పద్ధతి. జెఫ్ లెమైర్ రచన, గ్రెగ్ స్మాల్‌వుడ్ బొమ్మలు, మొత్తం 14 సంచికలు. మార్క్ స్పెక్టర్ మానసిక చికిత్సాలయంలో కళ్ళు తెరుస్తాడు. బయట న్యూయార్క్ ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది. అది నిజమో, అతని భ్రమో తేల్చరు. మధ్యలో ఒక్కో వ్యక్తిత్వానికి ఒక్కో చిత్రకారుడు: గ్రాంట్‌కు విల్ఫ్రెడో టోరెస్, లాక్లీకి ఫ్రాన్సెస్కో ఫ్రాంకవిల్లా, అంతరిక్షంలో తోడేళ్ళతో పోరాడే మార్క్‌కు జేమ్స్ స్టోకో. మాటలు చదవకుండానే ఎవరి తలలో ఉన్నామో తెలిసిపోతుంది. పాత కథల్లో వేషాలుగా మొదలైన ఈ పేర్లను ఇక్కడ జబ్బుగా, బాధగా పట్టించుకున్నారు. అందుకే నా ఓటు దీనికి.

పాతసంచిక:
బొమ్మల విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఇసుక కింద నగరం పూర్తిగా మాయమైతే చిత్తుప్రతి గారు అడిగిన అతుకు ఎక్కడుంది? వీధి గట్టిగా ఉంటేనే దేవుడు వింతగా కనిపిస్తాడు.

చిరుజల్లు:
ఫ్రాంకవిల్లా టాక్సీ పేజీలు చూసి ఆ మాట చెప్పండి!

నీలిసిరా:
కొనేముందు ఒక్క సంగతి. 2014 సిరీస్‌లో ఏడో సంచిక నుంచి రచయిత, చిత్రకారుడు ఇద్దరూ మారతారు. మొదటి ఆరూ ఉన్న సంపుటమేనా అని చూసుకోండి.

చిత్తుప్రతి:
అయితే మొదట 2014, అదీ కాగితం మీదే. 1980 కథలు నలుపు తెలుపు ముద్రణలో కూడా ఉన్నాయట, రంగులు లేకపోతే నష్టమా?

పాతసంచిక:
సింకేవిచ్ సిరా కోసమైతే నలుపు తెలుపే తీసుకోండి. రంగులే కావాలంటే మార్వెల్ వారి పునర్ముద్రణలు, ఎపిక్ కలెక్షన్ సంపుటాలున్నాయి.